టే నదీ తీరమున సాల్మన్ వేట

వేట యనగానే మనకు పరుగు, కేక, తుపాకి మ్రోత స్ఫురించును. కాని పరుగుతోను కేకతోను పనిలేని వేట యొకటి కలదు. నడుములోతు చల్లని నీటిలో ఒక మనుష్యుడు నిలిచియుండును. అతని చేతిలో పొడవైన గాలపుకర్ర. అతడు దారమును నదిమీదికి విసరును. ప్రవాహము దానిని మెల్లగా ఒడ్డువైపునకు త్రోసికొనివచ్చును. అతడు రెండడుగులు దిగువకు జరిగి మరల విసరును. ఉదయము నుండి సాయంకాలము వరకు ఇదే పని. దినమంతయు గడచినను చేప పడకపోవచ్చును. వారము గడచినను పడకపోవచ్చును. అయినను అతడు మరునాడు మరల అదే మడుగు వద్దకు వచ్చును. స్కాట్లండు దేశపు నదులలో సాల్మన్ అను మత్స్యమును గాలముతో పట్టువారి తీరు ఇట్టిది.

ఇందులో నంత ఆకర్షణ యేమున్నది? కొన్ని శతాబ్దములుగా పండితులును, ప్రభువులును, పడవవాండ్రును, చాటుగా వల వేయు దొంగలును ఈ నదీతీరములను విడువలేకపోవుటకు కారణమేమి? దీనికి సమాధానము కొంత ఆ చేప స్వభావమునందును, కొంత ఆ నదుల చరిత్రయందును కలదు.

స్కాట్లండు నదులలో టే నది మిక్కిలి పొడవైనది. అది పడమటి కొండలలో బెన్ లూయి అను శిఖరపు పార్శ్వమున పుట్టి, తన పేరే గల సరస్సులో ప్రవేశించి, కెన్మోర్ గ్రామము వద్ద మరల నదియై వెలువడి, పెర్త్ పట్టణము మీదుగా ప్రవహించి, డండీ నగరము దాటి ఉత్తర సముద్రమును చేరును. దాని పొడవు సుమారు 190 కిలోమీటర్లు మాత్రమే. గోదావరిని చూచిన కన్నులకు అది యొక వాగువలె తోచవచ్చును. అయినను బ్రిటన్ ద్వీపమందలి నదులన్నిటిలోను సముద్రమునకు అత్యధిక జలమును మోసికొనిపోవునది ఇదియే. జనవరి 15వ తేదీన ఈ నదిపై గాలపువేట ఆరంభమగును. ఆ ఉదయమున కెన్మోర్‌లో జనులు గుమిగూడి, తిత్తివాద్యములు ముందు నడువగా నది యొడ్డునకు పోయి, పడవపై విస్కీ చిలుకరించి ఋతువునకు స్వాగతము పలుకుదురు. అక్టోబరు 15వ తేదీతో వేట ముగియును. ఆ పిమ్మట నది చేపలదే.

సాల్మన్ జీవితకథ వినదగినది. శీతకాలారంభమున తల్లిచేప నది ఎగువ భాగములలో గులకరాళ్ళ నడుమ తోకతో గుంట చేసి వేలకొలది గ్రుడ్లను పెట్టును. వసంతమున పిల్లలు వెలువడును. వాని ప్రక్కలమీద వ్రేలిముద్రల వంటి మచ్చలు వరుసగా నుండును. రెండు మూడేండ్లు నదిలోనే పురుగులను తిని జానెడు పొడవు పెరిగిన పిమ్మట, ఒక వసంతమున ఆ మచ్చలు మాసిపోయి దేహమంతయు వెండివలె మెరయును. అప్పుడవి గుంపులుగా సముద్రము దారి పట్టును. ఒకటి, రెండు, కొన్ని మూడేండ్లు ఉప్పునీట మేసి బలిసి, అవి తాము పుట్టిన నదికే తిరిగి వచ్చును.

ఇట్టి రాకపోకలు తెలుగువారికి కొత్తవి కావు. వానకాలమున బంగాళాఖాతము నుండి గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చు పులసను మన కోస్తా జిల్లాలవారు ఎరుగుదురు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతయు ఎరుగుదురు. సాల్మన్ పులస కులమునకు చెందినది కాదు. అది శీతల జలములలో పెరుగు వేరొక జాతి. కాని ఉప్పునీట పెరిగి మంచినీట సంతానమును కనుట రెంటికిని సమానధర్మము.

సాల్మన్ విషయమున మరియొక విశేషము కలదు. నదిలో ప్రవేశించినది మొదలు అది ఆహారమును మానివేయును. సముద్రమున కూడబెట్టిన కొవ్వుతోనే దిగువ నుండి ఎగువకు ఈదును; జలపాతముల మీదికి ఎగురును; గ్రుడ్లు పెట్టును. చలికాలమునందే నదిలోనికి వచ్చిన చేప మరుసటి నవంబరు వరకు, అనగా ఇంచుమించు సంవత్సర కాలము, ఉపవాసముండును. ఆ దీక్ష ముగిసిన పిమ్మట అనేకములు మరణించును. కొద్ది మాత్రము చిక్కిన దేహములతో మరల సముద్రమును చేరును.

ఇక గాలపువాని పని యేమో చూడుడు. ఉపవాసముననున్న ప్రాణి ముందు అతడు ఎర నుంచుచున్నాడు! ఆకలిగొన్న చేపను ఆశపెట్టి పట్టుట ఎవరికైనను సాధ్యము. ఆకలియే లేని చేప గాలమును ఏల అందుకొనును? కోపము చేతనా? చిన్ననాట నదిలో పురుగులను పట్టిన అలవాటు జ్ఞప్తికి వచ్చుట చేతనా? తన మడుగులో పరుల రాకను సహింపలేకనా? శాస్త్రజ్ఞులు అనేక విధముల ఊహించిరి గాని నేటికిని ఏకాభిప్రాయము లేదు. నూరు చేపలు ఎరను చూచి ఊరకుండును. నూటయొకటవది ఒక్కసారిగా పైకి లేచును. ఈ లేచుట ఎప్పుడు జరుగునో ఎంత అనుభవశాలియైనను చెప్పజాలడు. కావుననే అతడు మాటలాడక, అలికిడి చేయక నిరీక్షించును. ఆ నిరీక్షణమందు నది ధ్వని వినబడును. మేఘముల నీడ నీటిపై కదలుట కనబడును. ఈ వేటలోని మౌనమునకు మూలమిదియే.

అయితే నదిలో చేప యున్నప్పుడే నిరీక్షణమునకు అర్థముండును. చేప నదిలోనికి రావలెనన్న దారి తెరచియుండవలెను. ఈ సత్యమును ఐరోపావారు మిక్కిలి పూర్వమే గ్రహించిరి. నదులకు అడ్డముగా దడులు పాతి, నడుమ బుట్టలు అమర్చి, ఎదురీది వచ్చు చేపలనన్నిటిని ఒక్కచోట పట్టుట ఆ కాలపు పద్ధతి. దడి పాతినవాడు ధనికుడగును. ఎగువనున్నవారికి చేప దక్కదు. పడవలకును దారి యుండదు. 1215వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన జాన్ చేత ప్రభువులు అంగీకరింపజేసిన మహాశాసనములో, అనగా మాగ్నా కార్టాలో, థేమ్సు, మెడ్వే నదుల నుండియు, ఇంగ్లండు దేశమంతట నుండియు చేపల దడులను తీసివేయవలెనను నిబంధన యొకటి కలదు.

స్కాట్లండు శాసనములు ఇంకను సూక్ష్మముగా విధించినవి. శనివారము సాయంకాలము నుండి సోమవారము ఉదయము వరకు దడులను తెరచియుంచి చేపను పోనీయవలెనని అచ్చటి ప్రాచీన నియమము. నది నడుమ ఎప్పుడును విడువవలసిన ఎడమును గురించి యొక వింత కొలత చెప్పబడినది: బాగుగా బలిసిన మూడేండ్ల పంది ఇరుప్రక్కల తగులకుండ తిరుగగలిగినంత వెడల్పు ఉండవలెనట! గజములు, అడుగులు తెలియని పల్లెవానికి కూడ అర్థమగు కొలత యిది. 1424లో స్కాట్లండు సభ సాల్మన్ గ్రుడ్లు పెట్టు కాలమున దానిని చంపరాదని విధించెను. ఆదివారమున సాల్మన్‌ను పట్టరాదను నియమము స్కాట్లండులో నేటికిని అమలులో నున్నది.

గాలపువేటను గురించి ఆంగ్లభాషలో అచ్చుపడిన తొలి గ్రంథము 1496 నాటిది. జూలియానా బెర్నర్స్ అను సన్యాసిని దానిని రచించెనని చెప్పుదురు. మంచినీటి చేపలలో సాల్మన్ మిక్కిలి రాజసము గలదని అందులోనే మెప్పు కలదు; పట్టుట కష్టమను హెచ్చరికయు కలదు. 1653లో ఐజాక్ వాల్టన్ అను వర్తకుడు ప్రకటించిన గ్రంథము ఇంతకంటె ప్రసిద్ధమైనది. అప్పటికి ఇంగ్లండులో అంతర్యుద్ధము జరిగి, రాజు శిరచ్ఛేదము నొంది నాలుగేండ్లు మాత్రమే యైనది. దేశమంతయు కక్షలతో చీలియున్న ఆ దినములలో వాల్టన్ నది యొడ్డున కూర్చుండి ధ్యానశీలుని వినోదముగా గాలపువేటను వర్ణించెను. ఆ పుస్తకమునకు నాటి నుండి నేటి వరకు లెక్కకు మిక్కిలిగా ముద్రణములు వెలువడుచుండుటకు ఈ శాంతియే కారణము కావచ్చును.

వాల్టన్ సాల్మన్‌ను మంచినీటి చేపలకు రాజుగా పేర్కొనుటయే గాక, ఒక పరీక్షను గూడ తెలిపెను. సముద్రమునకు పోవుచున్న సాల్మన్ పిల్లలను కొందరు పట్టి, తోకలకు పట్టీ గాని దారము గాని కట్టి విడిచిరట. కొన్ని నెలల తరువాత అవే గుర్తులతో చేపలు అదే చోటికి తిరిగి వచ్చెనట. చేప తన ఇంటి దారి మరువదని తెలియుటకు ఆ చిన్న పట్టీ చాలినది. ఆ పట్టీ కథ మూడువందల యేండ్లలో ఎంత దూరము పోయెనో ముందు చూడగలము.

పదునెనిమిదవ శతాబ్దము వరకు సాల్మన్ ఎక్కువగా ఆ పరిసరముల ఆహారమే. దూరదేశములకు ఉప్పు వేసి గాని, ఉడికించి ఊరవేసి గాని పంపవలసియుండెను. పూర్వము పనివారు తమకు వారమునకు రెండుసార్లకు మించి సాల్మన్ పెట్టరాదని యజమానులతో పత్రములు వ్రాయించుకొనిరని ఒక కథ బ్రిటన్‌లో ఊరూర చెప్పుకొందురు. చరిత్రకారులు ఎంత వెదకినను అట్టి పత్రమొక్కటియు దొరకలేదు. కాని చేప సమృద్ధిగా నుండిన కాలమును గురించి జనుల మనస్సులో నిలిచిన జ్ఞాపకమునకు ఆ కథయే సాక్ష్యము.

ఈ స్థితిని మార్చినది మంచుగడ్డ. ఆ మార్పునకు మన చెన్నపట్టణముతో కొంత సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో గుమాస్తాగా 1750 దశకమున చెన్నపట్టణము వచ్చి, తరువాత తూర్పు సముద్రములందు సంచరించి, సముద్ర పటములకు ప్రసిద్ధుడైన అలెగ్జాండర్ డాల్రింపుల్ చీనా తీరమున ఒక పద్ధతిని ఎరిగెను. అచ్చటి జాలరులు పడవలలో మంచు నింపికొనిపోయి అందులో చేపలను భద్రపరచుచుండిరి. 1780 దశకములో అతడు ఈ సంగతిని జార్జి డెంప్‌స్టర్ అను స్కాట్లండువాసితో ముచ్చటించెను. డెంప్‌స్టర్ వెంటనే పెర్త్ పట్టణమందలి సాల్మన్ వర్తకునకు వ్రాసెను. టే నది చేప మంచుగడ్డలలో దాగి, తాజాగా లండన్ నగరమునకు చేరుట అప్పటి నుండి ఆరంభమైనది. చేపకు ధర పెరిగెను. ధరతో వలలును పెరిగెను. పెర్త్ నుండి లండన్‌కు మంచులో పోయిన ప్రతి చేపయు నది యొడ్డున నున్నవానికి ఒక చేప తక్కువయే.

లండన్‌లోని థేమ్సు నది సంగతి ఇంతకంటె విషాదకరము. మాగ్నా కార్టాలో పేరు పొందిన ఆ నది పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలోనే నశించెను. ఎగువన నౌకల కొరకు కట్టిన అడ్డుగోడలు, దిగువన గ్యాసు కర్మాగారముల మురికి, లక్షలాది ఇండ్ల మలినము, అన్నియు చేరి చేపకు దారి మూసివేసెను. 1833 ప్రాంతమున అందులో కడపటి సాల్మన్ పట్టుబడెనందురు. 1858 వేసవిలో నది దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులే సభలో కూర్చుండలేకపోయిరి. మరల థేమ్సులో సాల్మన్ కనబడినది 1974లో. ఒక విద్యుత్కేంద్రము నీటి జల్లెడకు తగిలిన ఆ యొక్క చేప పత్రికలన్నింటికి వార్త యైనది. అంతకుపూర్వము నూటనలుబదియేండ్లు ఆ నది యొడ్డున నిశ్శబ్దముగా కూర్చుండుటకు వీలుండెను. కాని ఎదురుచూచుటకు సాల్మన్ లేదు.

ఉత్తరమున టే నది మాత్రము బ్రతికెను. అచ్చట చేపను గూర్చిన జిజ్ఞాస కూడ బలపడెను. మచ్చలుగల చిన్న చేప వేరొక జాతియని పూర్వము పెక్కుమంది తలచుచుండిరి. అందుచే దానిని లక్షలకొలది పట్టి వేయించుకొని తినుచుండిరి. 1830 దశకములో డ్రమ్‌లాన్‌రిగ్ వద్ద జాన్ షా అను వేటసంరక్షకుడు చెరువులలో గ్రుడ్లను పొదిగించి, ఆ చిన్న చేపలు సాల్మన్ బిడ్డలేయని నిరూపించెను. అతడు కళాశాల పండితుడు కాడు. ఒక ప్రభువు అడవికి కావలివాడు. ఓపికతో సంవత్సరముల కొలది చూచుటయే అతని శాస్త్రము. 1853లో పెర్త్ సమీపమున స్టార్మంట్‌ఫీల్డు వద్ద టే నదీజలముతో చెరువులు నిర్మించి, ఆ పరీక్షలను పెద్దయెత్తున సాగించిరి. బిడ్డను తిని తల్లికై ఎదురుచూచుట ఎంత అవివేకమో అప్పుడు లోకమునకు తెలిసినది.

ఆ కాలముననే రైలు మార్గము స్కాట్లండు కొండలను సమీపించెను. 1848 నాటికి పెర్త్ చేరిన రైలు లండన్ ధనికులకు నదులను దగ్గర చేసెను. మడుగునకింత యని అద్దెలు ఏర్పడెను. స్కాట్లండు చట్టము ప్రకారము సాల్మన్ పట్టు హక్కు భూమివలె ఒక ఆస్తి. ఒడ్డున పుట్టి పెరిగినంత మాత్రమున అది సంక్రమింపదు. తాత ముత్తాతల నాటినుండి నది ప్రక్కన నివసించు కూలివాడు రాత్రివేళ దివిటీతోను ఈటెతోను పట్టిన చేప దొంగసొత్తు. లండన్ నుండి వచ్చిన దొర పట్టినది క్రీడ. ఈ న్యాయమును గూర్చి ఆ పల్లెలలో కసి యుండెననుట సత్యము. ప్రశాంతమైన యే నదీతీరమునకైనను హద్దురాళ్ళు ఉండును. వానిని మరచి ప్రశాంతిని మాత్రమే వర్ణించుట చరిత్ర కాజాలదు.

ఆ దొరల చేతిలోని పరికరములు ప్రపంచపు నలుమూలల నుండి వచ్చినవి. దక్షిణ అమెరికా చేవకర్ర, పట్టుపురుగు నరము, కలకత్తా వెదురు చీల్చి అతికిన కర్రలు ఆ కాలమున ప్రసిద్ధములు. ఎర యందురా, అది పురుగు కాదు. ఉపవాసియైన చేపకు నిజమైన పురుగెందుకు? రంగురంగుల ఈకలతో గాలమునకు కట్టిన కృత్రిమపు ఈగ అది. అందు ముఖ్యముగా వాడబడినది దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి మెడ ఈక. మైనపు చుక్క అంటించినట్లు మెరయు ఆ ఈకలేక నాటి పేరుపొందిన ఎరలు పెక్కు పూర్తి కాకుండెను. మన కొండలలోని కోడిపుంజు మెడ ఈక టే నదిలో మునిగి తేలుచుండెను. ఆ వ్యాపారము వలన ఆ పక్షికి కలిగిన హాని సామాన్యము కాదు. ఇప్పుడు భారతదేశమున ఆ పక్షికి చట్టరక్షణ కలదు.

భారతదేశమునకును సాల్మన్ శాస్త్రమునకును మరియొక లంకె ఫ్రాన్సిస్ డే. ఇతడు చెన్నపట్టణపు సైన్యమున వైద్యుడు, తరువాత మత్స్యశాస్త్రజ్ఞుడు. మన నదులపై నీటిపారుదలకై నిర్మింపబడిన ఆనకట్టలు చేపల రాకపోకల నెట్లు అడ్డగించుచున్నవో ఇతడు పరిశీలించి ప్రభుత్వమునకు నివేదించెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. అది గోదావరి మండలమును అన్నపూర్ణగా చేసెను. కాని ఎదురీది వచ్చు చేపకు ఏ ఆనకట్టయైనను గోడయే. డే భారతదేశపు చేపలను గూర్చి బృహద్గ్రంథమును రచించి, స్వదేశమునకు మరలి, 1887లో బ్రిటన్, ఐర్లండు దేశముల సాల్మన్ జాతులను గూర్చియు గ్రంథమును ప్రకటించెను. కృష్ణా గోదావరుల దేశమైనను, టే నది దేశమైనను, అతనికి కనబడిన సమస్య ఒకటే: పొలమునకు నీరు కావలెను, చేపకు దారి కావలెను.

ఇప్పుడు టే నదిపై జరిగిన ఒక సాయంకాలమును స్మరింతము. 1922 అక్టోబరు 7వ తేదీ. ఋతువు ముగియుటకు ఒక వారమే యున్నది. కేపుత్ గ్రామము వద్ద, గ్లెన్‌డెల్విన్ అను జమీ నీటిలో, జేమ్సు బాలంటైన్ అను పడవవాడు తెడ్డు వేయుచుండగా అతని కుమార్తె జార్జినా గాలపుకర్ర పట్టి కూర్చుండెను. ప్రథమ ప్రపంచ యుద్ధమున ఆమె దాదిగా పనిచేసెను. ప్రొద్దు వాలుచుండగా ఒక చేప ఎరను పట్టెను. పట్టినది మొదలు అది నది వాలున పరుగుతీసెను. పడవ దాని వెంట పోయెను. చీకటి పడెను. చేప కనబడదు; దారపు బిగువు మాత్రమే తెలియును. రెండు గంటలకు మించి ఆమె కర్రను విడువలేదు. తండ్రి తెడ్డును విడువలేదు. తుదకు అతడు కొక్కెముతో దానిని పడవలోనికి లాగెను. తూచి చూడగా 64 పౌనులు, అనగా 29 కిలోలు! బ్రిటన్‌లో గాలముతో పట్టబడిన సాల్మన్‌లలో దానిని మించినది నేటివరకు లేదు. ఆ చేపను పెర్త్ పట్టణపు ఆసుపత్రికి దానమిచ్చిరి.

దాని ప్రతిమను పెర్త్‌లో ఒక అంగడి గవాక్షమున ప్రదర్శించినప్పుడు జార్జినా కూడ గుంపులో నిలిచి చూచినదట. ప్రక్కనున్న ఇద్దరు వృద్ధులు ఇంత చేపను స్త్రీ పట్టుట కల్లయని నిశ్చయించుకొనుచుండ విని, ఆమె నవ్వాపుకొనలేక అచ్చటినుండి పారిపోయెనట. దొరలు అద్దెలు చెల్లించి సంవత్సరముల తరబడి ఎదురుచూచిన చేప ఒక పడవవాని కుమార్తెకు దక్కినది. నది యెవరి హక్కుపత్రమును చూడదు కదా!

ఇరువదవ శతాబ్దమున టే నదికి పెద్ద పరీక్ష వచ్చెను. 1943 నాటి చట్టముతో స్కాట్లండు కొండలలో జలవిద్యుత్తు నిర్మాణములు ఆరంభమయ్యెను. టే నదికి ఉపనదియైన టమ్మెల్ మీద పిట్లోక్రీ పట్టణము వద్ద ఆనకట్ట కట్టదలచినప్పుడు ఊరివారును గాలపువారును తీవ్రముగా ఎదిరించిరి. కొండ గుడిసెలకు దీపము కావలెనని ప్రభుత్వము. నదికి చేప కావలెనని వీరు. తుదకు 1951 నాటికి ఆనకట్ట పూర్తియైనది. దానితోపాటు చేపలకొక మెట్లదారియు నిర్మింపబడెను. 34 తొట్లు ఒకదానికంటె ఒకటి ఎత్తుగా, 310 మీటర్ల పొడవున నున్నవి. సాల్మన్ ఒక్కొక్క తొట్టి ఎక్కి, నడుమ విశ్రమించి, పైనున్న జలాశయమును చేరును. మూడేండ్ల పందిని కొలతగా పెట్టిన పూర్వుల శాసనమే ఇచ్చట కాంక్రీటు రూపమున నిలిచినది.

వాల్టన్ చెప్పిన పట్టీ కథకు మరల వత్తము. 1905లో పెర్త్ పట్టణమునకు చెందిన పి. డి. మాలక్ అను వర్తకుడు టే నదిలో వేలకొలది పిల్లచేపలకు వెండితీగ కట్టి విడిచెను. మరుసటి యేటి నుండి ఆ తీగలు పెరిగిన చేపల రెక్కలమీద తిరిగి రాసాగెను. ఆ దినములలోనే టే నది సాల్మన్ పొలుసును సూక్ష్మదర్శినితో చూచి, చెట్టు మానులోని వలయములవలె దానియందు చేప వయస్సు వ్రాయబడియున్నదని కనుగొనిరి. 1954లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున ఆర్థర్ హాస్లర్, అతని సహచరుడు విస్బీ, పసిఫిక్ సాల్మన్‌ల ముక్కురంధ్రములను మూసి విడువగా అవి దారి తప్పెనని చూపిరి. పుట్టిన వాగు నీటి వాసనయే చేపకు కడపటి మార్గదర్శి! బాల్యమున తిరిగిన కొండ సమీపించినప్పుడు పచ్చికల పరిమళము సోకి చిన్ననాటి జ్ఞాపకములు ఒక్కసారిగా మేల్కొనుటచే తనకు ఈ ఊహ కలిగినదని హాస్లర్ చెప్పెను. 1956లో స్కాట్లండున గుర్తు కట్టి విడిచిన సాల్మన్ ఒకటి గ్రీన్లండు తీరమున పట్టుబడెను. ఇన్ని శతాబ్దములు ఎవరికిని తెలియని మేతస్థలము అప్పుడు తెలిసినది.

తెలియుటయే చేపకు ముప్పైనది. 1960 దశకమున నౌకలు ఆ సముద్రమునకు పోయి వలలు పన్నెను. నదులలో చేప తగ్గెను. తుదకు దేశములు కూడి చేసికొనిన ఉత్తర అట్లాంటిక్ సాల్మన్ సంరక్షణ ఒడంబడిక 1983లో అమలులోనికి వచ్చెను. 2016 నుండి స్కాట్లండు తీరజలములలో వలలతో సాల్మన్‌ను పట్టి యుంచుకొనుట నిషేధింపబడెను. అయినను వేడెక్కుచున్న సముద్రము ఏ ఒడంబడికను ఎరుగదు. 2023లో స్కాట్లండు నదులన్నిటిలో గాలమునకు చిక్కిన సాల్మన్‌లు సుమారు 32 వేలు. 1952లో లెక్కలు వ్రాయ నారంభించిన నాటినుండి అంత తక్కువ సంఖ్య యెన్నడును లేదు. అదే యేడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము బ్రిటన్ సాల్మన్‌ను అపాయస్థితిలోనున్న వానిలో చేర్చెను.

గాలపువారు దీనికేమి చేసిరి? నేడు స్కాట్లండులో పట్టుబడిన సాల్మన్‌లలో నూటికి 90కి పైగా తిరిగి నదిలోనికే విడువబడుచున్నవి. గాలమును మెల్లగా తీసి, చేపను నీటిలోనే రెండు చేతులతో ప్రవాహమున కెదురుగా పట్టుకొందురు. మొప్పలు ఆడును, తోక బలము పుంజుకొనును, ఒక్క విదలింపుతో అది చేతులు దాటిపోవును. ఎగువ వాగుల యొడ్డున చెట్లు నాటి, వేసవిలో నీటికి నీడ కల్పించువారును కలరు. ఆ నీడ పూర్తిగా పరచుకొను నాటికి నాటినవారిలో పలువురు ఉండకపోవచ్చును.

వేటాడి పట్టినదానిని విడిచిపెట్టుట మొదట విన్నవారికి వింతగా తోచును. చేపను బాధించి విడుచుటకంటె పట్టకుండుటయే మేలు కదాయని ప్రశ్నించువారును కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని గాలపువాడు నదికి పోకున్నచో ఆ నదిని గూర్చి ప్రతిదినము విచారించువాడెవడు? నీరు మురికియైనదని, చేప తగ్గినదని, దారి మూతపడినదని మొదట ఎరుగువాడు దినమంతయు నీటిలో నిలుచువాడే. థేమ్సు నది మరణించినప్పుడును మొదట గుర్తించినవారు ఆ యొడ్డున బ్రతికినవారే; వారి మాట వినువారు మాత్రము లేకపోయిరి.

కనుక ఈ వేటలోని ఆకర్షణకు కారణము బుట్ట నిండుట కాదని తేలుచున్నది. బుట్ట ఖాళీగానున్నను వేట మిగిలియున్నది. ఆకలిలేని అతిథి కొరకు వాకిట నిలుచునట్లు, రావచ్చును రాకపోవచ్చునను ప్రాణి కొరకు ఒక మనుష్యుడు నీటిలో నిలిచియున్నాడు. అది వచ్చుటకు అతని బలము చాలదు. వచ్చు దారిని మూయకుండుట మాత్రము అతని వశములో నున్నది. మాగ్నా కార్టా నాటినుండి పిట్లోక్రీ మెట్లదారి వరకు ఏడువందల యేండ్లకు పైబడిన చరిత్ర నేర్పిన పాఠమిది. వచ్చు జనవరి 15వ తేదీన కెన్మోర్‌లో మరల తిత్తివాద్యములు మ్రోగును. మొదటి పడవ మంచునీటిలోనికి జారును. ఆ పడవలోనివారు సాయంకాలమునకు రిక్తహస్తములతోనే తిరిగి రావచ్చును. నదిలో చేప యున్నదను నమ్మకము వారికి మిగిలినంతకాలము ఆ రాక వారికి లోటుగా తోచదు.